అవ్వ పాటకు బదులు

అవ్వ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా ముందు ఎత్తుకునేవాళ్లు లేరు, వెనక అందుకునేవాళ్లు లేరు. ఈ గోడకు పాడాలా?" అని కోయలో అడిగింది.

అద్దం అవతల కూర్చున్న రికార్డిస్టుకు కోయ రాదు. "ఏమంటున్నారు సార్?" అన్నాడు. మేం తెలుగులో చెప్పాం. అతను నవ్వి, "మిగతావాళ్లు తర్వాత వస్తారమ్మా. ముందు మీరొక్కరే పాడండి. వాళ్ల గొంతులు మీ పాట మీద వేస్తాం" అన్నాడు. ఆ మాటను మళ్లీ కోయలో చెప్పబోయి ఆగిపోయాం. పాట మీద పాట వేయడం ఏమిటో మాకే తెలియదు. వేయడం అంటే గుంటలో మట్టి వేస్తారు, నిద్రపోయేవాళ్ల మీద దుప్పటి వేస్తారు. కిందిది ఇక కనపడదు.

ఇక్కడ 'మేం' అంటే ఎవరో చెప్పాలి. శబరి ఒడ్డున ఉన్న మా ఊరి బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లం, డిగ్రీ ఆపేసి ఊళ్లో ఉంటున్న నలుగురు కుర్రవాళ్లు, డోలు కొట్టే మామ. ఇది ఒక్కళ్లం చేసిన పని కాదు. తప్పు కూడా ఒక్కరిది కాదు. అందుకే 'నేను' అని రాయడానికి చెయ్యి రాలేదు.

నాలుగేళ్ల కిందట ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా పిల్లలతో రేలా ఆడించాలనుకున్నాం. సభలో మైకు ఒకటే ఉంటుంది, అందరి గొంతులూ అందులో పడవు, పాట రికార్డు చేసి తీసుకుపోతే బాగుంటుందని ఎవరో అన్నారు. ఇంటికి వంద చొప్పున చందా వేసుకుని, అవ్వనూ మరో ముగ్గురు ఆడవాళ్లనూ మామనూ ఆటోలో ఎక్కించుకుని పట్నం స్టూడియోకు వెళ్లాం. డోలు ఆటో లోపల పట్టలేదు, పైన కట్టాం.

రేలా తెలియని టీచర్లు కూడా ఈ పుస్తకం చదువుతారు కాబట్టి రెండు మాటలు. ఆడవాళ్లు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని వరసగా నిలబడతారు. సగం మంది పాట ఎత్తుకుంటే మిగతా సగం అందుకుంటారు. అవతలివాళ్ల చివరి మాట పూర్తికాకముందే ఇవతలివాళ్లు అందుకుంటారు, అందుకే పాటలో ఎక్కడా ఖాళీ దొరకదు, ఊపిరి ఎవరు ఎప్పుడు తీసుకున్నారో తెలియదు. తాళం నేల మీద ఉంటుంది, పాదాల్లో. మొదట మెల్లగా మొదలై, ఒళ్లు వేడెక్కేకొద్దీ పాట కూడా వేగం అందుకుంటుంది.

స్టూడియోలో ఇవన్నీ విడివిడిగా కావాలన్నారు. ముందు డోలు. మామ చెవిలో టిక్కు టిక్కుమని గడియారం లాంటి చప్పుడు పెట్టారు. దాన్ని క్లిక్ అంటారు. నిమిషానికి ఇన్ని దెబ్బలని ముందే కొలత పెడతారు, పాట మొదలైనప్పుడు ఎంతో చివర్లో కూడా అంతే. మామ రెండు చరణాలు దానితో నడిచాడు, మూడో చరణానికి క్లిక్‌ను వెనక వదిలేసి ముందుకు పోయాడు. మళ్లీ కొట్టించారు. మళ్లీ పోయాడు. "ఆడేవాళ్ల కాళ్లు కనపడకపోతే చెయ్యి ఎట్లా లేస్తది?" అన్నాడు బయటకు వచ్చి. రికార్డిస్టు మొదటి చరణంలో బాగా వచ్చిన ముక్క కత్తిరించి, దాన్నే పాటంతా అతికించాడు. మామ కొట్టిన నాలుగు దెబ్బలు అట్లా నాలుగు వందల దెబ్బలయ్యాయి.

తర్వాత అవ్వ వంతు. పైన రాసినట్టు ఆగిపోయింది. అప్పుడు మిగతా ముగ్గురు ఆడవాళ్లూ చెప్పులు విడిచి ఆ గదిలోకి వెళ్లారు. "చప్పుడు చేయకూడదు" అని రికార్డిస్టు చెప్పాడు. సరేనని, నడుం చుట్టూ చేతులు వేసుకుని అవ్వ ఎదురుగా నిలబడి, నోరు మెదపకుండా పాదాలు కదిపారు. అవ్వ వాళ్ల కాళ్లవైపు చూస్తూ పాడింది. రెండు టేకుల్లో అయిపోయింది. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే, ఆ రోజు ఆ గదిలో జరిగిన అసలైన సంగతి అదే. దాన్ని వీడియో తీయాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ తర్వాత ముగ్గురి గొంతులూ ఒకటొకటిగా అవ్వ పాట మీద వేశారు. వారం తర్వాత పాట ఫోనుకు వచ్చింది. అందులో కీబోర్డు ఉంది, రిథమ్ ప్యాడ్ ఉంది, ఎక్కడి నుంచో తెచ్చిన వేణువు ఉంది. మేం అడగలేదు. "పాట నిండుగా ఉండాలి కదా సార్" అన్నారు. అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని ఫోను పెట్టి వినిపించాం. మొదటిసారి విని ఊరుకుంది. రెండోసారి పెట్టమంది. విని, "ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

నిజం చెప్పాలంటే అప్పుడు మాకు అంత బాధ కలగలేదు. సభలో పిల్లలు బాగా ఆడారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చలికాలం ఎటపాక అవతల ఒక పెళ్లిలో డీజే పెట్టెల్లోంచి మా పాటే వినిపించింది. ప్యాడ్ దెబ్బలు ఇంకా పెంచారు. కుర్రవాళ్లు ఎగిరెగిరి ఆడుతున్నారు. మన కోయ పాటకు ఇంత గిరాకీనా అని ఒక నిమిషం సంతోషించిన మాట వాస్తవం. పాడిందెవరని ఆ కుర్రవాళ్లను అడిగితే ఎవరికీ తెలియదు. ఫోనులో పాట పేరు దగ్గర ఏదో డీజే మిక్స్ అని మాత్రం ఉంది.

ఆ తర్వాతి ఎండాకాలం, రేల చెట్లు పసుపుగా పూసిన రోజుల్లో, అవ్వ పోయింది.

దినాలు అయ్యాక పట్నం వెళ్లాం. కీబోర్డూ ప్యాడూ తీసేసి అవ్వ ఒక్కతే పాడిన ట్రాకు ఇమ్మని అడిగాం. "పాట ఇచ్చేశాక విడి ట్రాకులు ఉంచం సార్, డిస్కు నిండిపోతుంది" అన్నారు. అతను అబద్ధం చెప్పలేదు, మమ్మల్ని కసరలేదు కూడా. టీ తెప్పించాడు. రికార్డింగు రోజునే విడి ట్రాకులు పెన్‌డ్రైవ్‌లో అడిగి ఉంటే ఇచ్చేవాడు. అట్లా అడగాలని మాకు తెలియదు. పాట అంటే చివర్లో చేతికి వచ్చేదే అనుకున్నాం. వంట అయిపోయాక ఉప్పు విడిగా ఇమ్మన్నట్టుంది మా పని.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఎవరం మాట్లాడలేదు. ఊరు చేరాక మాలో ఒకరు అన్నారు: మనకు తెలియనందుకే పోయింది, ముందు తెలుసుకుందాం.

చదివాం, చూశాం, అడిగాం. ఈ పనికి ఓవర్‌డబ్బింగ్ అని పేరు. సినిమా డబ్బింగ్ వేరు. తమిళ సినిమాను తెలుగులోకి డబ్ చేసినప్పుడు తమిళ మాట తీసేసి ఆ చోట తెలుగు మాట పెడతారు, తెర మీద పెదవులు మాత్రం పాతవే. ఓవర్‌డబ్బింగ్‌లో తీసేయడం లేదు. ముందు రికార్డయినదాన్ని వింటూ, దానికి తోడుగా ఇంకొకటి పాడతారు లేదా వాయిస్తారు. మొదటిది ఉంటుంది, రెండోది దాని పక్కకు వస్తుంది. మేం చదువుకునే రోజుల్లో బడి మాకు చేసింది డబ్బింగే. కోయ మాట వస్తే చేతి మీద దెబ్బ, ఆ చోట తెలుగు మాట. ఇప్పుడు టీచర్లుగా మేం చేయాల్సింది రెండోది. ఆ సంగతి వేరే వ్యాసంలో రాయాలి.

ఈ పద్ధతి ఎట్లా పుట్టిందో చదువుతుంటే మాకు మా కథే కనిపించింది. 1941లో అమెరికాలో సిడ్నీ బెషే అనే నల్లజాతి వాద్యకారుడు ఒక పాటలో క్లారినెట్, రెండు రకాల శాక్సఫోన్లు, పియానో, బాస్, డ్రమ్స్, మొత్తం ఆరు వాద్యాలు తానొక్కడే వాయించాడు. అప్పటికి టేపు రాలేదు. ఒక వాద్యం రికార్డు పళ్లెం మీద ఎక్కిస్తారు. ఆ పళ్లెం తిరుగుతుంటే వింటూ రెండో వాద్యం వాయిస్తాడు, రెండూ కలిసి ఇంకో పళ్లెం మీదికి ఎక్కుతాయి. అట్లా ఒకదాని మీద ఒకటి. పళ్లెం మారిన ప్రతిసారీ మొదటి వాద్యం కొంచెం మసకబారుతుంది, రాపిడి చప్పుడు పెరుగుతుంది. జిరాక్సును మళ్లీ జిరాక్సు తీస్తే అక్షరాలు ఎట్లా అవుతాయో మన టీచర్లకు బాగా తెలుసు.

లెస్ పాల్ అనే గిటారు వాద్యకారుడు ఈ పనిని పిచ్చిగా పట్టుకున్నాడు. 1948లో అతను విడుదల చేసిన ఒక పాటలో ఎనిమిది గిటార్లు వినిపిస్తాయి, ఎనిమిదీ అతనివే, అన్నీ పళ్లేల మీద చేసినవే. తర్వాత టేపు యంత్రం చేతికి వచ్చింది. దానికి ఇంకో హెడ్ బిగించి కొత్త ఉపాయం కనిపెట్టాడు. టేపు మీద ఉన్న పాత పాటను ఆ హెడ్ ముందుగా చదువుతుంది. ఆ వెంటనే చెరిపే హెడ్ పాతదాన్ని చెరిపేస్తుంది. చదివిన పాతదీ ఇప్పుడు వాయిస్తున్న కొత్తదీ కలిసి అదే టేపు మీద మళ్లీ ఎక్కుతాయి. 1951లో అమెరికాలో అన్ని పాటలకన్నా ముందు నిలిచిన అతని పాటలో అతని భార్య మేరీ ఫోర్డ్ ఒక్కతే గుంపులా వినిపించేది ఈ ఉపాయంతోనే.

నల్లబల్ల మీద ఒక లెక్క ఉంది, దాని కింద ఇంకో వరస చేర్చాలంటే మొత్తం తుడిచి రెండు వరసలూ కలిపి మళ్లీ రాయాలనుకోండి. అదే ఆ పద్ధతి. పన్నెండో గొంతు పాడేటప్పుడు దగ్గు వచ్చిందా, ముందు పాడిన పదకొండూ పోయినట్టే. మొదటి గొంతు విడిగా ఎక్కడా మిగిలి ఉండదు. ఇది చదివినప్పుడు మాలో ఒక కుర్రవాడు "మన అవ్వది ఇట్లనే పోయింది" అన్నాడు. కంప్యూటరు వచ్చాక అట్లా పోవాల్సిన అవసరం లేదు. అయినా పోయింది, అదే మా బాధ.

లెస్ పాల్ కూడా ఆ బాధ పడే ఉంటాడు. ఒకే టేపు మీద పక్కపక్కన ఎనిమిది దారులు ఉండే యంత్రం కావాలన్నాడు. ఆంపెక్స్ కంపెనీ దాన్ని తయారుచేసి 1957లో అతనికి ఇచ్చింది. దారి అంటే ట్రాకు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు చెబితే ఇష్టంగా వింటారు. టేపు యంత్రంలో రికార్డు చేసే హెడ్ ఒక చోట, వినిపించే హెడ్ దానికి కాస్త ఎడంగా ఉంటాయి. వినిపించే హెడ్ దగ్గర పాత పాట వింటూ పాడితే, కొత్త పాట టేపు మీద వేరే చోట పడుతుంది, రెండూ కలవవు. అందుకని పాత ట్రాకును కూడా రికార్డు చేసే హెడ్‌తోనే చదివించారు. అప్పుడు పాతదీ కొత్తదీ ఒకే గీత మీద నిలబడ్డాయి. ఒక దారిలో తప్పు పాడితే ఆ దారి ఒక్కటే చెరిపి మళ్లీ పాడవచ్చు. మిగతావాటికి ఏమీ కాదు.

దారులు చాలకపోతే మాత్రం పాత బాధే. బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్ నాలుగు ట్రాకుల యంత్రాల మీద చేసింది. నాలుగూ నిండితే వాటిని కలిపి ఇంకో యంత్రంలో ఒక ట్రాకుగా మార్చి, మిగిలిన ట్రాకుల్లో కొత్తవి పాడేవారు. కలిపాక ఆ ట్రాకులో ఒక గొంతు పెంచాలన్నా, ఒక వాద్యం తగ్గించాలన్నా కుదరదు. మన తెలుగు సినిమా పాటలు చాలాకాలం దీనికి పూర్తిగా వేరే దారిలో నడిచాయి. మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యకారులూ అందరూ ఒకే వేళకు చేరి, ఒకే ఊపులో పాటంతా రికార్డు చేసేవారు. ఒక్క వయొలిన్ తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. తర్వాత్తర్వాత ట్రాకులు పెరిగి, ఒక ఊళ్లో తబలా, ఇంకో ఊళ్లో గొంతు రికార్డు చేసే కాలం వచ్చింది. యుగళగీతం పాడిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే పాట అయిపోతుంది. అది తప్పని మేం అనం. కానీ ఆ పాత పాటల్లో ఒకరి ఊపిరి ఇంకొకరికి తగులుతున్నట్టు ఉంటుంది, రేలా వరసలో ఉన్నట్టే.

ఇట్లా చదువుతూ ఉండగా అవ్వ మనవరాలు ఒక రోజు బడి అయ్యాక ఫోను పట్టుకుని వచ్చింది. అప్పుడు తొమ్మిదో తరగతి. "సార్, అవ్వ నాకు నేర్పింది ఇందులో ఉంది" అంది.

అది స్టూడియోకు వెళ్లకముందు, ఒక రాత్రి వాళ్ల వాకిట్లో తీసింది. దాదాపు ఆరు నిమిషాలు. అవ్వ ఒక చరణం పాడుతుంది, ఆగుతుంది. ఆ ఆగినచోట మనవరాలు మెల్లగా, సిగ్గుగా అందుకుంటుంది. రెండుసార్లు మాట మరిచిపోయి ఊరుకుంది. అవ్వ కోప్పడలేదు, ఆ ఖాళీ నిండేదాకా ఆగి తర్వాతి చరణం ఎత్తుకుంది. మధ్యలో కుక్క మొరుగుతుంది. ఎవరో బిందె దించుతారు. ఒకసారి అవ్వ దగ్గుతుంది. స్టూడియోలో గోడకు పాడలేనన్న మనిషి ఇక్కడ ఎదురుగా పాడించుకునే పిల్ల ఉంటే తీరుబడిగా పాడింది. పైగా అందుకునేవాళ్ల కోసం చోటు వదిలి పాడింది.

మామ ఆ రికార్డింగు చెవికి ఆనించుకుని విని, "కాలు వినపడుతోంది" అన్నాడు. మాకు వినపడలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాం. నిజమే. అలికిన నేల మీద అవ్వ మడమ మెత్తగా పడుతోంది, చరణం చరణానికీ కాస్త వేగం పెంచుకుంటూ. మామకు కావాల్సిన క్లిక్ అదే.

దాని మీద మిగతా గొంతులు పాడి కలుపుదాం అన్నది మా ఆలోచన. కానీ పోయిన మనిషితో కలిసి పాడవచ్చా? ఈ ప్రశ్న మాకొక్కరికే రాలేదు. 1965లో చనిపోయిన నాట్ కింగ్ కోల్ గొంతుకు తోడుగా అతని కూతురు నటాలీ 1991లో పాడితే లోకమంతా విన్నది. బీటిల్స్‌లో జాన్ లెనన్ 1980లో హత్యకు గురయ్యాడు. అతను ఇంట్లో పియానో ముందు కూర్చుని మామూలు క్యాసెట్టులో పాడుకున్న పాటలను అతని భార్య యోకో ఓనో మిగతా ముగ్గురికీ ఇచ్చింది. వాళ్లు వాటికి తమ గొంతులూ వాద్యాలూ చేర్చి 1995లో ఒక పాట విడుదల చేశారు. ఆ క్యాసెట్లలోనే ఇంకో పాటలో పియానో చప్పుడు గొంతును మింగేస్తోందని వదిలేశారు. చివరికి 2023లో కంప్యూటరుతో గొంతునూ పియానోనూ విడదీసి దాన్ని కూడా పూర్తిచేశారు. ఇందులో మేం పట్టుకున్న సంగతి ఒకటే. క్యాసెట్టు ఇంటివాళ్లు ఇస్తే తీసుకున్నారు.

అందుకని ముందు అవ్వ కూతురి దగ్గరికి వెళ్లాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ ప్యాడు మోత మళ్లీ పెడతారా?" అని అడిగింది. పెట్టం అన్నాం. "యూట్యూబ్‌లో వేస్తారా?" వేయం అన్నాం. "అయితే పిల్లలు పాడుకోనీ" అంది. తర్వాత ఊరి పెద్దల దగ్గర కూర్చున్నాం. అక్కడ అంత తేలిగ్గా తెగలేదు. ఒక పెద్దాయన, పోయినవాళ్లను పిలవడానికి ఒక వేళ ఉంది, ఒక పద్ధతి ఉంది, బొత్తాం నొక్కి పిలుస్తారా అన్నాడు. ఇంకో తాత, "పిలవడం ఏముంది, ఆమె పాట ఆమె పాడి పెట్టింది, వీళ్లు బదులు పాడుతున్నారు" అన్నాడు. రెండు గంటలు నడిచింది. విత్తనాల పండుగ పాటలు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు రికార్డు చేయొద్దని, ఈ పాట ఆటపాటే కాబట్టి పాడుకోవచ్చని చివరికి ఒప్పుకున్నారు. మొదట కాదన్న పెద్దాయన ఇప్పటికీ ఆ రికార్డింగు వినడు. ఆయన ముందు మేం పెట్టం.

పని మొదలుపెట్టాక మొదట చేసింది తప్పే. కుక్క మొరుగుడు తీసేద్దామని మాలో ఒక కుర్రవాడు ఫోనులో ఒక యాప్‌తో గొంతును శుభ్రం చేశాడు. కుక్క పోయింది. బిందె పోయింది. అవ్వ మాటల చివరలు నీళ్లలో మునిగినట్టయ్యాయి. మనవరాలి గొంతు పూర్తిగా పోయింది. అంత మెల్లగా పాడింది కాబట్టి యంత్రం దాన్ని కూడా అనవసరపు చప్పుడనుకుంది. అసలు ఫైలు వేరే చోట దాచి ఉంచాం కాబట్టి సరిపోయింది. అదొక్కటి పట్నంలో నేర్చుకున్నాం.

బడిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గది మా స్టూడియో. బస్తాలు చుట్టూ ఉంటే గొంతు ప్రతిధ్వనించదు. కుర్రవాళ్లలో ఒకరి పాత ల్యాప్‌టాప్, అందులో డబ్బు కట్టకుండా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు, నాలుగు వైరు ఇయర్‌ఫోన్లు, ఒక మైకు. మొదట బ్లూటూత్ పెట్టి చూశాం. అందులో పాట చెవికి ఆలస్యంగా చేరుతుంది, పాడినది ఇంకా వెనకబడుతుంది. వైరు పెట్టినా కంప్యూటరు కాస్త ఆలస్యం చేస్తుంది. అందుకని అవ్వ పాటకు ముందు ఖాళీ ట్రాకులో మూడు చప్పట్లు రికార్డు చేసి పెట్టాం. కొత్తగా పాడేవాళ్లు ఆ చప్పట్లు వింటూ తామూ మూడు చప్పట్లు కొట్టి మొదలుపెడతారు. తర్వాత తెర మీద రెండు చప్పట్ల గీతలూ ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా కొత్త ట్రాకును జరిపితే చాలు. పెద్ద స్పీకరు పెట్టి వింటూ పాడకూడదు, అవ్వ గొంతు మళ్లీ మైకులో పడి కొత్త ట్రాకులో కూడా చేరిపోతుంది. ఇది చేయాలనుకునే తమ్ముళ్లు చెల్లెళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే మిగతా అంతా చేతికి వస్తుంది.

అమ్మాయిలను విడివిడిగా పాడించలేదు. వరసను విడదీయకూడదని స్టూడియోలోనే తెలిసింది కదా. నలుగురినీ నడుం చుట్టూ చేతులు వేసుకుని ఒకే మైకు ముందు నిలబెట్టాం. ఇయర్‌ఫోను ఒక చెవిలోనే. ఒక చెవిలో అవ్వ, రెండో చెవిలో పక్కనున్న పిల్ల. మనవరాలు వరస చివర నిలబడింది. మొదటిసారి అవ్వ దగ్గు వచ్చినచోట ఆమె పాడడం ఆపేసి బయటకు వెళ్లిపోయింది. ఆ రోజుకు ఆపేశాం. రెండు రోజుల తర్వాత తనే వచ్చి తాళం చెవి అడిగింది.

డోలు మాత్రం వేరేగా చేయక తప్పలేదు. అది గదిలో మోగితే ఇంకేదీ వినపడదు. అమ్మాయిలు నోరు మూసుకుని వట్టి కాళ్లతో ఆడుతుంటే, మామ ఒక చెవిలో అవ్వ పాట పెట్టుకుని వాళ్ల కాళ్లు చూస్తూ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో కొట్టాడు. కత్తిరించలేదు, అతికించలేదు. నాలుగో చరణంలో వేగం పెరిగింది, అవ్వ కాలు కూడా అక్కడే పెంచింది.

కలిపేటప్పుడు మాలో మాకు గొడవ. డోలు కాస్త పెంచుదాం, పిల్లలు ఆడాలి కదా అని కుర్రవాళ్లు. అవ్వ మాట ప్రతిదీ వినపడాలి అని మేం. కుర్రవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఆడలేని రేలా రేలానే కాదు. చివరికి రెండు రకాలుగా కలిపి ఉంచాం, ఆడుకోవడానికి ఒకటి, నేర్చుకోవడానికి ఒకటి. ట్రాకులు విడివిడిగానే ఉన్నాయి కాబట్టి ఆ వీలు దొరికింది. అన్ని ట్రాకులూ తేదీలు వేసి, ఎవరు పాడారో పేర్లు రాసి, రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించాం. ఒకటి బడి బీరువాలో, ఒకటి అవ్వ కూతురి ఇంట్లో. ఆమె దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం కుండలో పెట్టింది. తేమ తగలదని.

కుర్రవాళ్లు అవ్వ ట్రాకును ఇప్పటికీ 'కింద ట్రాకు' అంటారు, అన్నీ దాని మీద వేశాం కాబట్టి. ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం అది అన్నిటికన్నా పైన ఉంటుంది. మొదట పెట్టింది పైన, తర్వాతవి దాని కిందకి వస్తాయి.

ఇప్పుడు ఆ ఫైలులో ఏడు ట్రాకులున్నాయి. ఈ ఏడు ఆరో తరగతిలో చేరిన పిల్లలకు పాట నేర్పాక, వాళ్లూ పాడతామంటే పోయిన నెల ఏడోది చేర్చాం. అవ్వ చరణం మధ్యలో కుక్క మొరిగేచోట ఈ చిన్నపిల్లలు ఆపుకోలేక నవ్వారు. ఆ నవ్వు కూడా ట్రాకులో పడింది. మళ్లీ పాడించాలా అని అడిగితే, అవ్వ మనవరాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంకోసారి విని, "ఉండనీ సార్" అంది. పైనున్న ట్రాకుల పేర్ల కింద ఆ పదకొండు మంది పిల్లల పేర్లు రాసుకుంటూ కూర్చుంది.